దీపం సూది దగ్గరికి రావాలి

మార్గశిరంలో మా వైపు సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. ధర్మవరంలోనో, హిందూపురంలోనో, రాయదుర్గంలోనో ఇంట్లో కూర్చుని సూది పట్టే ఆడవాళ్ళకు అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే. పగలంతా వంట, నీళ్ళు, పిల్లలు, ఉంటే చేనిపని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. ఆ వానైనా పడాల్సిన అదనులో పడదు. వేరుశనగ చేతికొచ్చిన ఏడు ఒక తీరు, రాని ఏడు ఇంకో తీరు. రాని ఏడు చాలా ఇళ్ళు గడిచేది ఈ సూదీ దారంతోనే. రవికలకు హుక్కులు, కాజాలు. పట్టుచీరకు ఫాలు. కొంగుకు కుచ్చులు. పెళ్ళి రవికకు మగ్గం వర్కు. రాయదుర్గం వైపైతే జీన్సు ప్యాంట్ల కుట్లు. ఈ పనుల్లో సగానికి సగం రాత్రి ఏడు నుంచి పది, పదకొండు దాకా దీపం కిందే జరుగుతాయి.

ఈ పనికి ఏమేం కావాలని ఎవరినైనా అడగండి. ఆరీ సూది, జరీ, పూసలు, చమ్కీలు, ఫ్రేము, మంచి కత్తెర అని వరసగా చెప్తారు. దీపం మాట ఎవరూ ఎత్తరు. దీపం ఇంటిది, పనిది కాదు అనుకుంటాం. కత్తెర మొద్దుబారితే సాన పట్టిస్తాం. వెలుగు చాలకపోతే మాత్రం కళ్ళు చికిలించుకుని సర్దుకుంటాం. ఆ ఒక్క అలవాటు మానమని అడగడానికే ఇది రాస్తున్నాను. వెలుగును పనిముట్ల లెక్కలో వేసుకోండి. దాన్ని గోడ మీదినుంచి దించి సూది దగ్గరికి తెచ్చుకోండి.

మామూలుగా మన ఇళ్ళలో దీపం ఎక్కడుంటుంది? గోడకు ఏడడుగుల ఎత్తున ట్యూబులైటు, లేదంటే గది నడుమ వేలాడే బల్బు. కుట్టే మనిషికి వీపు ఆనుకోవడానికి గోడ కావాలి కాబట్టి ఆ గోడ వారనే, ట్యూబు కిందే కూర్చుంటుంది. అప్పుడు ఆమె తల నీడే ఆమె ఒళ్ళోని గుడ్డ మీద పడుతుంది. కనబడడం లేదని ఇంకాస్త వంగుతుంది. వంగేకొద్దీ నీడ చిక్కబడుతుంది. పది గంటలకు మెడ పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి. వయసు మీద పడుతోంది అనుకుంటుంది. మర్నాడు ఇంటాయన తొమ్మిది వాట్ల బల్బు తీసేసి పదిహేను వాట్లది వేస్తాడు. గదంతా తెల్లబడుతుంది. గుడ్డ మీది నీడ మాత్రం ఎక్కడికీ పోదు.

మా అమ్మ కూడా ఇలాగే కూర్చునేది. మాది బండలు పరిచిన పాత మిద్దె. పగలు గవాచిలోంచి పడే ఎండ ముక్క నేల మీద జరుగుతూ ఉంటే, దానితోపాటే అమ్మ కూడా చాప జరుపుకుంటూ కుట్టేది. వెలుగు ఎక్కడుంటే మనిషి అక్కడికి పోవాలని ఆమెకు పగలు తెలుసు. పొద్దు గూకాక మాత్రం గోడ మీది బల్బు ఎక్కడుంటే అక్కడే, ఎలాగుంటే అలాగే. దాన్ని కదపొచ్చని ఇంట్లో ఎవరికీ తోచలేదు. హోల్డరుకు మూడు గజాల వైరు కలిపితే సరిపోయే పనికి ఆమె పాతికేళ్ళు కళ్ళు పెట్టింది.

వెలుగుకు ఒక లెక్క ఉంది. దీపానికీ గుడ్డకూ నడుమ దూరం సగమైతే గుడ్డ మీద పడే వెలుగు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. దూరం నాలుగో వంతుకు దిగితే పదహారింతలు. రెండు మీటర్ల ఎత్తున ఉన్న బల్బును అర మీటరు దూరానికి తెచ్చారనుకోండి. అదే బల్బు, అదే కరెంటు, గుడ్డ మీద నేరుగా పడే వెలుగు పదహారు రెట్లు. తొమ్మిది వాట్లది తీసి పదిహేను వాట్లది వేస్తే పెరిగేది రెండు రెట్లు కూడా కాదు. దూరం తగ్గించడానికి అయ్యే ఖర్చు వైరూ హోల్డరూ మాత్రమే.

వెలుగును కొలిచేది లక్సుల్లో. పనిచేసే చోట్లకు యూరప్ దేశాలు పెట్టుకున్న ప్రమాణంలో కుట్టుపనికి 750 లక్సులు, గుడ్డ రంగులు పరీక్షించే చోట 1000, ఆనవాలు తెలియకుండా రఫ్ఫు చేసే పనికి 1500 అని ఉంది. మన మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా పోతుంది. వసారా నీడలో కూర్చున్నా వేలల్లోనే ఉంటుంది. పై గోడన ఒకే బల్బు ఉన్న గదిలో, నేల మీద కూర్చున్న మనిషి ఒళ్ళో గుడ్డ మీద చూస్తే యాభై అటూ ఇటూ. పగటి కన్నుకూ రాత్రి కన్నుకూ అంత తేడా పెట్టి ఒకే నాణ్యత ఉన్న పని అడుగుతున్నాం. స్మార్ట్‌ఫోన్ ఉంటే లైట్ మీటరు యాప్ ఒకటి వేసుకుని, ఫోనును గుడ్డ మీద వెల్లకిలా పెట్టి చూడండి. ఫోను కొలత కచ్చితంగా ఉండదు గానీ యాభైకీ ఏడువందలకూ తేడా చెప్పడానికి అది చాలు. దీపాన్ని దగ్గరికి జరుపుతూ అంకె ఎలా ఎగబాకుతుందో మీ కంటితో చూస్తే, ఇక ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు.

దగ్గరికి తేవడమంటే ఎలా తేవాలన్నది పనిని బట్టి ఉంటుంది. కుడిచేత్తో సూది పట్టేవాళ్ళకు దీపం ఎడమవైపు, కొంచెం ముందుగా, కంటి ఎత్తుకన్నా కాస్త పైన ఉండాలి. ఎడమచేతివాటం వాళ్ళకు కుడివైపు. అప్పుడు చేతి నీడ సూది మొన మీద కాక అవతలికి పడుతుంది. బల్బు నేరుగా కంటికి కనబడకూడదు. కనబడితే కంటిపాప ముడుచుకుని గుడ్డ ఇంకా చీకటిగా కనిపిస్తుంది. బల్బుకు చిప్ప ఉన్న టేబుల్ లైటు, మెడ వంచుకునేది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. పిల్లల చదువు కోసం కొన్నది ఇంట్లో ఉంటే దానితోనే మొదలుపెట్టండి. నేల మీద కూర్చుని కుట్టేవాళ్ళు దాన్ని ఎత్తుపీట మీదో తిరగేసిన బకెట్టు మీదో పెట్టుకోవచ్చు. కుట్టుమిషన్‌కైతే అయస్కాంతం అడుగున్న చిన్న ఎల్ఈడీ లైట్లు మిషన్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. పాత నల్ల మిషన్ల పోత ఇనుముకు అవి గట్టిగా అతుక్కుంటాయి. ఆ లైటు సూది ఉన్న చోటిని మాత్రమే చూపిస్తుంది. గది దీపం కూడా వేసే ఉంచండి. చుట్టూ చీకటి పెట్టుకుని ఒక్క చోటే వెలుగు పెడితే, తలెత్తిన ప్రతిసారీ కన్ను మళ్ళీ సర్దుకోవాలి. ఆ సర్దుబాటులోనే అలసట వస్తుంది.

మగ్గం వర్కు కథ వేరు. గుడ్డ ఫ్రేము మీద బిగించి ఉంటుంది. పైచెయ్యి ఆరీ సూదిని గుచ్చుతుంది, కింది చెయ్యి దారం అందిస్తుంది. ఫ్రేముకు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి ఎడమ ఇంకొకరి కుడి. ఇక్కడ చిన్న టేబుల్ లైటు చాలదు. ఫ్రేముకు నిడుపుగా, రెండున్నర మూడడుగుల ఎత్తున ఎల్ఈడీ ట్యూబు వేలాడదీయాలి. గోడకున్న ట్యూబునే రెండు తాళ్ళతో పైనుంచి కిందికి దించితే సరి. ధర్మవరంలో చేనేత మగ్గం ముందు కూర్చున్నవాళ్ళను చూడండి, చాలాచోట్ల దీపం నేత మీదకే వేలాడుతూ ఉంటుంది. పోగు తెగితే అక్కడే కనబడాలి కదా. నేతగాడికి తెలిసిన ఈ సంగతిని పక్కగదిలో అదే చీరకు కుచ్చులు కట్టే మనిషి కూడా వాడుకోవాలి.

జరీతో ఇంకో చిక్కుంది. జరీ, చమ్కీలు, కుందన్లు అద్దాల్లాగా వెలుగును తిప్పి కొడతాయి. ఎదురుగా బల్బు ఉంటే ఆ మెరుపు సూటిగా కళ్ళలో పడి, కుట్టు ఎక్కడ పడుతోందో కనబడదు. వెలుగు తగ్గించడం దీనికి మందు కాదు, వెలుగు వచ్చే చోటును వెడల్పు చేయాలి. సన్నటి బల్బుకన్నా పొడుగాటి ట్యూబు మేలు. ట్యూబుకన్నా తెల్లగోడకు తగిలి తిరిగొచ్చే వెలుగు ఇంకా మేలు. దీపాన్ని పక్కకు జరిపి చూసినా చాలాసార్లు మెరుపు తొలగిపోతుంది. మా వైపు ఇళ్ళలో కింద నల్లబండలు, గోడలకు ముదురు రంగులు ఉంటాయి. అవి వచ్చిన వెలుగునంతా మింగేస్తాయి. పని చేసే మూలనైనా తెల్లసున్నం కొట్టించుకోండి. చాప కింద పాత తెల్లదుప్పటి పరవండి. ఇవి చిన్న సలహాల్లా వినిపిస్తాయి గానీ వాటి ఫలితం చేసినవాళ్ళకు మొదటి రాత్రే తెలుస్తుంది.

నల్లగుడ్డ అందరినీ ఏడిపిస్తుంది. తెల్లగుడ్డ తన మీద పడ్డ వెలుగులో వందకు ఎనభై పాళ్ళు కంటికి పంపితే, నల్లగుడ్డ పంపేది ఐదారు పాళ్ళే. జీన్సు ముదురు నీలం కూడా దీనికి దగ్గరి చుట్టమే. తెల్లరవికకు సరిపోయిన దీపం నల్లరవికకు చాలకపోవడం మీ కంటి తప్పు కాదు. ముదురు రంగు పనులుంటే దీపాన్ని ఇంకో జానెడు దగ్గరికి దించండి. నల్లగుడ్డ మీద నల్లదారంతో హెమ్మింగు చేయాల్సి వస్తే దీపాన్ని బాగా కిందికి, పక్కకు పెట్టండి. వెలుగు గుడ్డ మీద ఏటవాలుగా పాకినప్పుడు ప్రతి పోగుకూ చిన్న నీడ పడి నేత కనబడుతుంది. పలచటి నల్లగుడ్డయితే ఒళ్ళో తెల్లతువ్వాలు వేసుకోండి, పోగుల సందుల్లోంచి తెలుపు కనబడి లెక్క తప్పదు. అన్నిటికన్నా మంచిది, పనిని రంగును బట్టి వేళలకు పంచుకోవడం. నలుపు, ముదురు నీలం, మెరూన్ పగటికి. తెలుపు, పసుపు, లేతరంగులు రాత్రికి.

వెలుగు వెనకనుంచి రావాల్సిన పని కూడా ఒకటుంది. మగ్గం వర్కు డిజైనును బటర్ పేపరు మీద గీసి, గీత వెంట సూదితో పొడుస్తాం కదా. రంధ్రాలన్నీ సరిగ్గా పడ్డాయా అని చూడాలంటే కాగితాన్ని దీపానికి అడ్డంగా ఎత్తి పట్టుకోవాలి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళకు ఇది తరతరాల విద్య. మేకతోలును పారదర్శకంగా తయారుచేసి, ఉలితో సన్నటి రంధ్రాలు కొట్టి, వెనక దీపం పెడితే నగలన్నీ మెరుస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడ అదే తోలుతో దీపాలకు తొడుగులు కూడా చేస్తున్నారు. అవి గదికి అందమే. కుట్టుపని దగ్గర మాత్రం రంగు రంగుల తొడుగున్న దీపం వద్దు, దారం రంగు తప్పు చెప్తుంది.

ఇక బల్బు సంగతి. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో పాత బల్బులు తీసుకుని పది రూపాయలకొకటి చొప్పున ఎల్ఈడీ బల్బులు ఇచ్చే పథకం మొదలైనప్పుడు, తొలి జిల్లాల్లో అనంతపురం ఒకటి. అప్పటినుంచి పాత అరవై వాట్ల బల్బు మన ఇళ్ళలోంచి దాదాపు వెళ్ళిపోయింది. అది వెళ్ళిపోవడమే మంచిది. దాని వేడికి పట్టు, జరీ దగ్గర పెడితే కమిలిపోయేవి. ఎల్ఈడీని దగ్గరికి తెచ్చుకోగలుగుతున్నది అది అంతగా వేడెక్కదు కాబట్టే. కరెంటు లెక్కా తేలికే. తొమ్మిది వాట్ల బల్బు రోజుకు నాలుగు గంటల చొప్పున నెలంతా వెలిగితే అయ్యేది ఒక్క యూనిట్. బిల్లు పెరుగుతుందని దీపం ఆపమనేవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ లెక్క చెప్పండి.

కొనేటప్పుడు వాట్లు మాత్రమే చూసి కొనకండి. వాట్లు కరెంటు ఎంత తాగుతుందో చెప్తాయి, వెలుగు ఎంత ఇస్తుందో చెప్పేవి ల్యూమెన్లు. డబ్బా మీద రాసి ఉంటుంది. తొమ్మిది వాట్ల మంచి బల్బు ఎనిమిది, తొమ్మిది వందల ల్యూమెన్లు ఇస్తుంది. ఆ పక్కనే కెల్విన్ అని ఒక అంకె. 3000 అంటే పసుపు వెలుగు, 4000 అంటే ఇంచుమించు తెలుపు, 6500 అంటే నీలం కలిసిన తెలుపు, దీన్నే దుకాణాల్లో కూల్ డే లైట్ అంటారు. మన ఊళ్ళలో ఎక్కువగా అమ్మేది ఈ 6500దే. రాత్రి పది దాటినా కుట్టేవాళ్ళకు నేను 4000 సూచిస్తాను. నీలం ఎక్కువున్న వెలుగు కింద పొద్దుపోయేదాకా కూర్చుంటే నిద్ర పట్టడం ఆలస్యమవుతుంది. ఉదయం నీళ్ళొచ్చే వేళకు లేవాల్సిన మనిషికి అదొక బాధ.

అంతకన్నా ముఖ్యమైన అంకె సీఆర్ఐ. దీపం కింద రంగులు పగటి వెలుగులోలాగా ఎంతవరకు కనబడతాయో అది చెప్తుంది. నూరు అంటే పూర్తి నిజం. మామూలు బల్బులకు 80 ఉంటుంది. దొరికితే 90 ఉన్నది కొనండి, యాభయ్యో వందో ఎక్కువైనా సరే. 80 బల్బుల్లో చాలావాటికి ముదురు ఎరుపు సరిగ్గా చూపించే శక్తి తక్కువ. మన పెళ్ళిళ్ళ పని అంతా ఎరుపు, మెరూన్, కుంకుమ రంగు, అరటిపువ్వు రంగుల్లోనే కదా. అక్కడే దీపం మోసం చేస్తుంది. డబ్బా మీద సీఆర్ఐ రాయని బల్బును గదికి వాడుకోండి, పనికి వద్దు.

వెలుగు వణుకు కూడా చూసుకోవాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. లోపల సరైన డ్రైవరు లేని చౌక ఎల్ఈడీ సెకనుకు వందసార్లు వెలిగి ఆరుతూ ఉంటుంది. కంటికి తెలియదు, తలనొప్పికి తెలుస్తుంది. దుకాణంలోనే బల్బు వెలిగించి ఫోను కెమెరాను దానికి ఎదురుగా పెట్టండి. తెర మీద నల్లటి పట్టీలు ముదురుగా పాకుతుంటే ఆ బల్బు వద్దు. ఫోను లేకపోతే పెన్సిలు పట్టుకుని దీపం ముందు విసనకర్రలా వేగంగా ఊపండి. మంచి దీపం కింద అది మసకగా ఒకే పొరలా కనబడుతుంది, చెడ్డదాని కింద పది పెన్సిళ్ళు విడివిడిగా కనబడతాయి. మోటారు మిషన్ మీద పనిచేసేవాళ్ళకు ఇది మరీ అవసరం. వణికే వెలుగులో, వేగంగా ఆడే సూది ఒక్కోసారి నిలబడినట్టో మెల్లగా కదిలినట్టో కనబడుతుంది. వేలు అక్కడికి పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పాక, నలభై దాటినవాళ్ళకు ఇంకో మాట. మీ దగ్గర ఉన్నది ఐదువందలే అయితే, దీపంకన్నా ముందు కళ్ళద్దాలు. చత్వారం అందరికీ వస్తుంది. దగ్గరి వస్తువును చూడడానికి కంటిలోని కటకం ఉబ్బే శక్తి మెల్లగా తగ్గుతూ వచ్చి, నలభై ఏళ్ళ ప్రాంతంలో తేడా తెలుస్తుంది. సూది కన్నంలోకి దారం ఎక్కించడానికి చేతులు చాపి దూరం పెట్టుకోవడం మొదలైందంటే అదే. పైగా ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుగు దాదాపు మూడో వంతే. అంటే అమ్మకూ కూతురికీ ఒకే దీపం చాలదు. కూతురికి చాలుతోంది కదా అని అమ్మ మాటను కొట్టిపారేయకూడదు.

అద్దాలు పెట్టుకుంటే ముసలివాళ్ళమైపోయామని చెప్పుకున్నట్టు ఉంటుందని చాలామంది వెనకాడతారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూశారు. 2018లో అచ్చయిన ఆ పరిశీలనలో, అద్దాలు పెట్టుకున్నవాళ్ళు కోసిన ఆకు, పెట్టుకోనివాళ్ళకన్నా దాదాపు 22 శాతం ఎక్కువగా పెరిగింది. 2024లో బంగ్లాదేశ్ పల్లెల నుంచి ఇలాంటి లెక్కే వచ్చింది. 35 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళకు అద్దాలిచ్చిన ఎనిమిది నెలలకు నెల రాబడి మూడో వంతు పెరిగింది. ఆకు కోయడానికే అంత తేడా ఉంటే, పూస కన్నంలో సూది దూర్చే పనికి ఎంత ఉంటుందో చూసుకోండి. రవికకు ఇంతని లెక్క కట్టి ఇచ్చే పనిలో గంటకు ఎన్ని హుక్కులు పడ్డాయన్నదే కూలి.

కంటి పరీక్షల పథకం వైఎస్సార్ కంటివెలుగు 2019 అక్టోబరు 10న మన అనంతపురంలోనే మొదలైంది. అలాంటి శిబిరాలు ఎప్పుడు పెట్టినా పోవాలి. లేనప్పుడు ప్రభుత్వాసుపత్రి కంటి విభాగం ఉంది. పోయేటప్పుడు సగం కుట్టిన గుడ్డా సూదీ వెంట తీసుకెళ్ళండి. చదువుకోవడానికి ఇచ్చే అద్దాలు సాధారణంగా నలభై సెంటీమీటర్ల దూరానికి చూసి ఇస్తారు. మీరు మగ్గం ఫ్రేము మీద ఇంకా దగ్గరగా వంగి చేస్తుండొచ్చు, మిషన్ మీదైతే ఇంకాస్త దూరంగా ఉండొచ్చు. నా పని ఈ దూరంలో అని కూర్చుని చూపించండి. నంబరు దానికి తగ్గట్టు మారుతుంది. తిరునాళ్ళలో, బస్టాండులో అమ్మే రెడీమేడ్ అద్దాలు రెండు కళ్ళకూ ఒకే నంబరువి. మీ రెండు కళ్ళ చూపూ ఒకలాగే ఉంటే అవి తాత్కాలికంగా పనికొస్తాయి, తేడా ఉంటే తలనొప్పే మిగులుతుంది. అద్దాలు పెట్టుకున్నాక కూడా కళ్ళు మసకబారుతుంటే, దీపాల చుట్టూ వలయాలు కనబడుతుంటే అది చత్వారం కాదు. డాక్టరుకు చూపించుకోవడానికి ఆలస్యం చేయొద్దు.

కరెంటు పోతుంది. కరెంటు పోని ఊరు మనకు తెలియదు. పోయినప్పుడు కూడా వెలిగే ఇన్వర్టర్ బల్బులు, లోపల బ్యాటరీ ఉన్నవి, ఇప్పుడు అందరూ కొంటున్నారు. కరెంటు పోయాక వాటి వెలుగు తగ్గుతుంది, గంటలు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అప్పుడు పూసల పని పక్కనపెట్టి, చేతి అలవాటు మీద సాగే కుచ్చుల పనో, దారాలు విడదీసుకునే పనో అందుకోండి. ఎండకు కొదవలేని జిల్లా కాబట్టి చిన్న సోలార్ దీపం ఉన్నా దండగ కాదు. దాని వెలుగు గదికి చాలదు గానీ అడుగు దూరంలో పెట్టుకుంటే గుడ్డకు చాలుతుంది. దూరం లెక్క ఇక్కడా మనవైపే ఉంది.

తొలకరి రోజుల్లో ఉసిళ్ళ బాధ ఒకటి. నాలుగు చినుకులు పడ్డ సాయంత్రం దీపం వేస్తే చాలు, పుట్టలోంచి లేచి దీపానికి మూగుతాయి. రెక్కలు రాలి జరీలో ఇరుక్కుంటాయి, నలిగితే లేతరంగు పట్టు మీద మరక. పెళ్ళి రవిక మీద ఆ మరక పడితే కూలి పోవడమే కాదు, గుడ్డ ఖరీదు కూడా మీద పడుతుంది. అలాంటి సాయంత్రం వాకిట్లో, పని గదికి దూరంగా ఒక తెల్లటి దీపం వేసి ఉంచండి. లోపల మాత్రం పసుపు వెలుగు దీపం వాడండి. పురుగులు నీలం కలిసిన తెలుపుకు ఎక్కువ వస్తాయి. కిటికీకి దోమతెర కొట్టించుకుంటే సగం బాధ తీరుతుంది.

దీపం కిందికి దిగిందంటే వైరు కూడా కిందికి దిగుతుంది. అతుకుల వైరు వద్దు, ఒకే ముక్క కావాలి. మిషన్ పెడల్ కింద, పిల్లలు పాకే దారిలో వైరు ఉండకూడదు. తడి చేత్తో స్విచ్చి ముట్టకూడదని అందరికీ తెలిసిందే. తెలిసీ మరిచేది ఒకటుంది. డిజైను దింపడానికి పొడిని కిరసనాయిలులో కలిపి రుద్దుతాం. రుద్దిన గుడ్డ పూర్తిగా ఆరాకే దీపం కిందికి తేవాలి, కిరసనాయిలు గిన్నె గది బయట పెట్టాలి. కరెంటు పోయిందని ఆ పక్కనే కొవ్వొత్తి వెలిగించే పని అసలే చేయొద్దు. ఆషాఢం గాలికి మా వైపు లేచే దుమ్ము బల్బు మీద, చిప్ప మీద పేరుకుంటుంది. నెలకోసారి స్విచ్చి తీసేసి పొడిగుడ్డతో తుడవండి. గాలి కోసం ఫ్యాను పెట్టుకున్నప్పుడు అది నేరుగా ముఖానికి కొట్టకుండా చూసుకోండి. పొడిగాలికి, రెప్ప వాల్చకుండా చూసే చూపుకు కంటి తడి ఆరిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి వాకిలి అవతలికి చూడండి. దారం తెగినప్పుడల్లా అని గుర్తుపెట్టుకుంటే తేలిక.

ఒకసారి మా అమ్మ రాత్రి బల్బు కింద దారం జత చూసి, మెరూన్ పట్టు రవికకు చేతులంతా కుట్టింది. ఉదయం ఎండలో చూస్తే దారం గోధుమరంగు. ముహూర్తం మర్నాడే. చేతుల కుట్లన్నీ విప్పి, గుడ్డ మీద సూది రంధ్రాలు కనబడకుండా ఆవిరి పట్టి, మళ్ళీ కుట్టింది. ఆ తప్పు ఆమెది కాదని నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. రెండు రంగులు వేరువేరు అద్దకాలతో తయారైనప్పుడు ఒక దీపం కింద ఒకేలా కనబడి, ఇంకో వెలుగులో విడిపోతాయి. ఎంత మంచి బల్బు కొన్నా ఈ ప్రమాదం కొంత మిగిలే ఉంటుంది.

అందుకని రంగు తేల్చాల్సిన పని ఏదైనా రాత్రి చేయకండి. గిరాకీ సాయంత్రం గుడ్డ తెచ్చిస్తే, దారం జత రేపు చూసి చెప్తానమ్మా అనండి. గుడ్డనూ నాలుగైదు దారపు ఉండలనూ ఒకే సంచిలో వేసి గూట్లో పెట్టండి. రాత్రికి ఇంకో లేతరంగు రవిక హుక్కులు అందుకోండి. ఉదయం ఏడున్నరకు, ఎండ ఇంకా చురుక్కుమనక ముందు, వాకిలి గడప దగ్గర నీడపట్టున కూర్చుని గుడ్డ మడత విప్పి, ఒక్కో దారం పోగు దాని మీద పరిచి చూడండి. కలిసిపోయిన పోగును ఆ గుడ్డకే పిన్ను పెట్టి ఉంచండి, సాయంత్రం దీపం కింద మళ్ళీ వెతుక్కునే పని ఉండదు.